స్కోప్ రైల్ వాలు: చెక్కిన అంకె ఒకటి, తుపాకీ మీద తేలే కోణం ఇంకొకటి

బాత్రూము గచ్చు వేసేటప్పుడు నీళ్లు తూము వైపు జారాలని మేస్త్రీ మీటరుకు ఒక సెంటీమీటరు వాటం పెడతాడు. ఆ వాటం కంటికి ఆనదు. చెంబెడు నీళ్లు పోసి చూస్తేనే తెలుస్తుంది. దూరపు గురి కోసం రైఫిల్ మీద స్కోప్‌ను, అంటే గురి చూసే దుర్బిణిని, కూర్చోబెట్టడానికి బిగించే పట్టీ పేరు స్కోప్ రైల్. దాని వాలు మామూలుగా అంతకన్నా తక్కువ, మీటరుకు 6 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పైగా రైల్ పొడవు జానెడు లోపే. ఒక చివరకూ ఇంకో చివరకూ మధ్య వచ్చే ఎత్తు తేడా ఒక మిల్లీమీటరు కూడా లేకుండానే, దూరంలో తూటా ఎక్కడ తగలాలో అది నిర్ణయిస్తుంది.

అందుకే ఈ వాలు కొలవబోయినవాళ్లు తరచూ తికమక పడతారు. రైల్ మీద 20 అని చెక్కి ఉంటుంది, అంటే 20 నిమిషాల కోణం (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). ఫోను పెట్టి చూస్తే ఒకసారి 0.3 డిగ్రీలు, ఇంకోసారి 0.4, తుపాకీ కొంచెం కదిలితే సున్నా. వెర్నియర్ కాలిపర్‌తో రెండు చివర్ల మందం కొలిస్తే 60కి పైన తేలుతుంది. రైల్ తప్పుగా తయారైందా, కొలత తప్పా అన్న అనుమానం మొదలవుతుంది. చాలాసార్లు రెండూ తప్పు కావు. దేనితో పోల్చి వాలు కొలవాలి అన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది.

క్లుప్తంగా

రైల్ మీది అంకె, రైల్ పైతలానికీ అది కూర్చునే ఆధారానికీ మధ్య తయారీదారు ఉద్దేశించిన కోణం. గురికి పనికొచ్చేది గొట్టం లోపలి రంధ్రం గీతకూ స్కోప్ చూపు గీతకూ మధ్య కోణం. ఈ రెండింటి మధ్య 2, 3 నిమిషాల తేడా రావడం మామూలే. 0.1 డిగ్రీ వరకే చూపే గేజ్‌తో ఈ కొలత తేలదు. రసమట్టం, ఫీలర్ గేజ్, డయల్ ఇండికేటర్, లేదా 25 మీటర్ల దూరంలో ఒక గోడ ఉంటే చాలు. నేలతో సంబంధం లేకుండా, రెండు చోట్ల తీసిన కొలతల తేడాను బట్టే లెక్క కట్టాలి.

వాలు ఎందుకు పెడతారు

తూటా గొట్టం దాటిన క్షణం నుంచే కిందికి దిగుతూ ఉంటుంది. సెకనుకు దాదాపు 800 మీటర్ల వేగంతో బయలుదేరే 175 గ్రెయిన్ల బరువున్న .308 విన్‌చెస్టర్ తూటానే తీసుకుందాం. 100 గజాల దగ్గర గురి కుదిర్చిన రైఫిల్‌తో, ఆ గురి మార్చకుండా 1,000 గజాల లక్ష్యాన్ని కొడితే తూటా సుమారు 10 మీటర్లు కిందికి పోతుంది. మూడంతస్తుల మేడ ఎత్తు అది. ఆ మేర గొట్టాన్ని ముందే పైకెత్తి ఉంచాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. పోలీసుల చేతుల్లో చాలాకాలం కనబడిన పాత .303 రైఫిల్‌కు స్కోప్ ఉండదు. వెనక సైటును అంకెల వెంబడి జరిపితే అది పైకి లేస్తుంది. లేచిన సైటులోంచి లక్ష్యాన్ని చూడాలంటే గొట్టం మూతి ఎత్తక తప్పదు. ఆ సైటు మీద 2,000 గజాల దాకా అంకెలుండేవి. ఇషాపూర్ ఫ్యాక్టరీ 7.62 ఎంఎం తూటాతో చేసిన 2ఏ1 రైఫిల్‌కు దాన్ని 800 మీటర్లకు కుదించారు. వాలు రైల్ చేసే పనీ ఇదే. కాకపోతే ఎత్తడం ముందుగానే, శాశ్వతంగా జరిగిపోతుంది. రైల్ వెనక చివర ఎత్తుగా, ముందు చివర పల్లంగా ఉంటుంది. దానిమీద కూర్చున్న స్కోప్ కాస్త కిందికి చూస్తుంది. ఆ చూపును లక్ష్యం మీదికి తెచ్చేసరికి గొట్టం పైకి లేస్తుంది.

మరి స్కోప్‌కు గురిని పైకీ కిందికీ జరిపే గుబ్బ, టరెట్, ఉంది కదా, అది తిప్పితే చాలదా? చాలదు, టరెట్‌కు ఒక హద్దు ఉంది. స్కోప్ లోపల కటకాలతో ఉన్న చిన్న గొట్టం ఒకటి వంగుతూ లేస్తూ ఉంటుంది. బయటి గొట్టం గోడ తగిలితే అక్కడితో ఆగిపోతుంది. మొత్తం కదలిక 60 నిమిషాలు ఉన్న స్కోప్ అనుకుంటే, మధ్య నుంచి పైకి 30, కిందికి 30. వాలు లేని రైల్ మీద 100 గజాల జీరోకే, అంటే ఆ దూరంలో గురి పెట్టినచోటే తూటా తగిలేలా కుదర్చడానికే, 4, 5 నిమిషాలు ఖర్చవుతాయి. తూటా ఆ కాస్త దూరంలోనూ దిగుతుంది, పైగా స్కోప్ గొట్టానికి 5 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. ఇక పైకి మిగిలేది 25. 1,000 గజాలకు కావలసింది 36 నుంచి 40. టరెట్ మధ్యలోనే ఆగిపోతుంది.

అదే స్కోప్‌ను 20 నిమిషాల రైల్ మీద పెడితే జీరో తర్వాత పైకి 45 దాకా మిగులుతుంది. లక్ష్యం అందుతుంది. రైల్ కొత్తగా కదలికేమీ ఇవ్వలేదు. కింది వైపు ఊరికే పడి ఉన్న కదలికను పై వైపు పనికి మళ్లించింది, అంతే.

20 అంటే ఎంత

డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నిమిషం. గురి భాషలో దీన్ని మినిట్ ఆఫ్ యాంగిల్ అంటారు, వాడుకలో ఎంవోఏ. 100 గజాల దూరంలో ఒక ఎంవోఏ 1.047 అంగుళాలు, 100 మీటర్ల దూరంలో 2.9 సెంటీమీటర్లు. 20 ఎంవోఏ అంటే డిగ్రీలో మూడో వంతు.

రైల్ మీద ఇది ఎత్తు తేడాగా కనబడుతుంది. లెక్క ఒకటే: ఎత్తు తేడాను ఆ రెండు బిందువుల మధ్య దూరంతో భాగించి 3,438తో గుణిస్తే ఎంవోఏలు వస్తాయి. 100 మిల్లీమీటర్ల దూరంలో 0.58 మిల్లీమీటర్ల తేడా ఉంటే 20. అదే 150 మిల్లీమీటర్ల దూరంలో అయితే 0.87 ఉండాలి. మేస్త్రీ బాత్రూములో పెట్టే మీటరుకు సెంటీమీటరు వాటాన్ని ఇదే లెక్కలోకి తెస్తే 34 ఎంవోఏ. 20 ఎంవోఏ రైల్ వాటం దానిలో సగం పైచిలుకు మాత్రమే.

మిల్ అనే కొలమానం వాడేవాళ్లకు ఇంకా తేలిక. మిల్ అంటేనే మీటరుకు ఒక మిల్లీమీటరు. 20 ఎంవోఏ 5.8 మిల్ అవుతుంది, అంటే మీటరుకు 5.8 మిల్లీమీటర్ల వాలు.

ఇక్కడ గట్టిగా పట్టుకోవలసింది పొరపాటు పరిమాణం. 150 మిల్లీమీటర్ల రైల్ మీద ఎత్తు కొలవడంలో 0.05 మిల్లీమీటరు తప్పితే ఫలితం 1.1 ఎంవోఏ మారిపోతుంది. తల వెంట్రుక మందం అంత తప్పితే ఒకటిన్నర. రైల్ కింద చిక్కుకున్న రంగు పొర, ఎండిన గ్రీజు, ఇసుక రేణువు, ఏదైనా ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. కొలిచే ముందు రెండు తలాలనూ గుడ్డతో తుడవడం ఇక్కడ కొలతలో భాగమే.

ప్రమాణం దేన్ని నిర్ణయిస్తుంది

స్కోప్ రైల్ అనగానే వినిపించే పేరు పికాటిన్నీ. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రంలోనే ఉన్న అమెరికా సైన్యపు ఆయుధ కేంద్రం పికాటిన్నీ ఆర్సెనల్ పేరు మీద అది వచ్చింది. 1995 ఫిబ్రవరిలో మిల్-ఎస్‌టీడీ-1913 పేరుతో దాని కొలతలు ఖాయమయ్యాయి. అంతకుముందు నుంచీ టెక్సస్‌లోని ఎల్ పాసో నుంచి వచ్చిన వీవర్ కంపెనీ రైల్ వాడుకలో ఉంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. వీవర్ గాడి 0.180 అంగుళాల వెడల్పు, గాడుల మధ్య ఎడం ఒక్కో రైల్‌కు ఒక్కోలా ఉండవచ్చు. పికాటిన్నీ గాడి 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి మధ్య నుంచి తర్వాతి గాడి మధ్యకు 10.01 మిల్లీమీటర్లు, ప్రతి రైల్‌కూ ఇదే.

ఈ చివరి అంకె కొలిచేవాళ్లకు భలే ఉపయోగం. పికాటిన్నీ రైల్ తనకు తానే ఒక స్కేలు. టేపు అక్కర్లేదు, గాడులు లెక్కపెడితే దూరం తెలుస్తుంది. పది గాడుల ఎడం అంటే 100 మిల్లీమీటర్లే.

ప్రమాణం రైల్ అడ్డుకోత ఆకారాన్నీ గాడుల కొలతలనూ కట్టుదిట్టం చేసింది, స్కోప్‌ను పట్టి ఉంచే వేర్వేరు కంపెనీల రింగులు ఒకే రైల్ మీద కూర్చోవడానికి. వాలు ఎంత ఉండాలన్నది తయారీదారు ఎంపిక. 0, 10, 20, 30, 40 ఎంవోఏల్లో రైళ్లు దొరుకుతాయి. కాబట్టి పికాటిన్నీ రైల్ అన్న మాట వాలు గురించి ఏమీ చెప్పదు.

దేనితో పోల్చి కొలవాలి

వాలు ఒంటరిగా ఉండే గుణం కాదు. ఇంకో తలంతో పోల్చినప్పుడే దానికి అర్థం. రైఫిల్ మీద ఇలాంటి ఆధారాలు కనీసం నాలుగు కనబడతాయి: నేల మట్టం, రైల్ అడుగు, రిసీవర్ (గొట్టం బిగిసే, బోల్ట్ కదిలే నడిమి భాగం) పైభాగం, గొట్టం. వీటిలో ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఒకే రైల్‌కు నాలుగు అంకెలు రావచ్చు.

రైల్ అడుగును ఆధారం చేసుకోవడమే అందరూ మొదట చేసే పని. రైల్ విప్పి, ముందు చివర మందం, వెనక చివర మందం కాలిపర్‌తో కొలిచి తీసేస్తారు. రిసీవర్ పైభాగం ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉంటే ఇది సరిగ్గానే పనిచేస్తుంది. అయితే చాలా బోల్ట్ యాక్షన్ రైఫిళ్లలో తూటా గది మీది ముందు రింగు ఎత్తుగా, బోల్ట్ జారే వెనక వంతెన పల్లంగా ఉంటుంది. ఆ పల్లాన్ని పూడ్చడానికి రైల్ వెనక భాగం అదనపు మందంతో వస్తుంది. పల్లం 2 మిల్లీమీటర్లు అనుకుంటే, 150 మిల్లీమీటర్ల ఎడంలో మందాల తేడా 0.87కు బదులు 2.87 తేలుతుంది. లెక్క వేస్తే 66 ఎంవోఏ! రైల్‌లో లోపం ఏమీ లేదు. పల్లం పూడ్చిన మందాన్ని కూడా వాలుగా లెక్కపెట్టడం వల్ల వచ్చిన అంకె అది.

గొట్టం బయటి తలం మీద మట్టం పెట్టి చూడటం ఇంకో పొరపాటు. గొట్టం మూతి వైపు సన్నబడుతూ పోతుంది. గది దగ్గర 30 మిల్లీమీటర్ల వ్యాసం, 600 మిల్లీమీటర్ల తర్వాత మూతి దగ్గర 20 అనుకుంటే, పై అంచు ఆ దూరంలో 5 మిల్లీమీటర్లు దిగినట్టు. అది 28 ఎంవోఏకు పైనే, అంటే కొలవబోయే రైల్ వాలు కన్నా ఎక్కువ. సన్నబడకుండా సమంగా ఉన్న భాగం ఏదైనా ఉంటే అక్కడ మట్టం పెట్టవచ్చు. లేకపోతే గొట్టం రంధ్రంలో బిగువుగా దిగే తిన్నటి కడ్డీ పెట్టి, బయటికి వచ్చిన భాగాన్ని ఆధారం చేసుకోవాలి. తూటా నడిచేది రంధ్రం వెంబడి కాబట్టి అసలైన ఆధారం అదే.

చేతిలో ఉన్న పనిముట్లతో

ఏ పద్ధతికైనా ముందు తుపాకీ ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసుకోవాలి. బోల్ట్ బయటికి తీసి, తూటాలు వేరే గదిలో పెట్టాకే పని మొదలుపెట్టాలి.

డిజిటల్ యాంగిల్ గేజ్, ఫోనులోని లెవెల్ యాప్ దగ్గర ఆశ తగ్గించుకోవడం మంచిది. 0.1 డిగ్రీ చూపే గేజ్‌లో ఒక్కో మెట్టు 6 ఎంవోఏ. ఇలాంటి చవక గేజ్‌ల కొలత 0.2 డిగ్రీ అటూ ఇటూ తప్పడం మామూలు, అంటే 12 ఎంవోఏ. 20 నిమిషాల రైల్‌నూ 30 నిమిషాల రైల్‌నూ అది విడదీయలేదు. సున్నా రైల్‌నూ 40 రైల్‌నూ వేరుచేయడం వరకే దాని పని.

ఆశ్చర్యం ఏమిటంటే మేస్త్రీ సంచిలోని రసమట్టం దీనికన్నా నమ్మదగ్గది. మంచి రసమట్టం మీటరుకు అర మిల్లీమీటరు తేడాను పట్టిస్తుంది, అది 1.7 ఎంవోఏ. దానికి బైక్ మెకానిక్ ట్యాపెట్ గ్యాప్ చూసే పలచటి ఉక్కు ఆకుల ఫీలర్ గేజ్ తోడైతే ఇంట్లోనే చక్కటి కొలత వస్తుంది.

చేసే తీరు ఇదీ. రైఫిల్‌ను వైస్‌లో మెత్తటి గుడ్డ చుట్టి బిగించాలి. ముందుగా ఆధారం మీద, అంటే రంధ్రంలోని కడ్డీ మీదో గొట్టం సమంగా ఉన్న భాగం మీదో, మట్టం పెట్టి బుడగ సరిగ్గా రెండు గీతల మధ్యకు వచ్చేదాకా రైఫిల్‌ను సర్దాలి. ఇప్పుడు తుపాకీ తాకకుండా మట్టాన్ని ఎత్తి రైల్ మీద పెట్టాలి. వాలు ఉంటే బుడగ వెనక వైపుకు, ఎత్తున్న చివరకు పోతుంది. పల్లంగా ఉన్న ముందు చివర కింద ఫీలర్ ఆకులు ఒక్కొక్కటే దూర్చుతూ పోవాలి. 0.50 ఆకు పెడితే బుడగ కొద్దిగా కదులుతుంది, 0.30 కలిపితే గీత అంచుకు వస్తుంది, ఇంకో 0.05 చేర్చగానే మధ్యలో నిలబడుతుంది. మొత్తం 0.85. మట్టం ఆనిన వెనక అంచు నుంచి ఆకుల దాకా 15 గాడుల ఎడం, అంటే 150 మిల్లీమీటర్లు. 0.85ను 150తో భాగించి 3,438తో గుణిస్తే 19.5 ఎంవోఏ.

ఇక్కడితో ఆపకూడదు. మట్టాన్ని ముందు వెనకలు మార్చి తిప్పి పెట్టి మొత్తం మళ్లీ చేయాలి. గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు మట్టాన్ని అటు ఒకసారి ఇటు ఒకసారి పెట్టి చూసేది ఊరికే కాదు. మట్టంలోనే ఉన్న లోపం ఒక వైపు కలిస్తే, ఇంకో వైపు తీసివేత అవుతుంది. రెండింటి సగటు తీసుకుంటే ఆ లోపం రద్దవుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, బల్ల వాలి ఉన్నా ఈ పద్ధతికి ఇబ్బంది లేదు.

వర్క్‌షాపు అందుబాటులో ఉంటే డయల్ ఇండికేటర్ ఇంకా సూక్ష్మంగా చెబుతుంది. రిసీవర్ లోపల ఇరుసులా సరిపోయే మాండ్రెల్ పెట్టి, సర్ఫేస్ ప్లేటు మీద వీ-బ్లాకుల్లో కూర్చోబెట్టి, డయల్ ముల్లును రైల్ పైతలం వెంబడి 100 మిల్లీమీటర్లు నడిపిస్తే ముల్లు 0.58 కదలాలి. డయల్ మీద ఒక గీత 0.01 మిల్లీమీటరు అయితే అది మూడో వంతు ఎంవోఏ. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న హైదరాబాద్ బాలానగర్ లాంటి చోట టూల్ రూముల్లో పనిచేసేవాళ్లకు, పాలిటెక్నిక్ మెట్రాలజీ ల్యాబు చూసినవాళ్లకు సైన్ బార్ కొత్త కాదు. 100 మిల్లీమీటర్ల సైన్ బార్‌లో ఒక రోలర్ కింద 1.00, ఇంకో రోలర్ కింద 1.58 స్లిప్ గేజ్ పెడితే 20 నిమిషాల కోణం తయారు. రిసీవర్‌ను దాని మీద వాలుకు ఎదురుగా కూర్చోబెట్టి డయల్ నడిపిస్తే, ముల్లు కదలకుండా ఉంటే రైల్ సరిగ్గా 20. కదిలితే ఆ కదలికే తేడా.

గోడ మీద కొలత

పై పద్ధతులన్నీ రైల్‌ను కొలుస్తాయి. రైల్, రింగులు, స్కోప్, గొట్టం అన్నీ కలిసి ఏ కోణం ఇస్తున్నాయో ఒకేసారి చూపేది గోడ. దీని గొప్పతనం దూరంలో ఉంది. రైల్ మీద వెంట్రుకంత తేడా 25 మీటర్ల అవతల వేలి వెడల్పంత అవుతుంది. ఆ దూరంలో ఒక ఎంవోఏ 7.27 మిల్లీమీటర్లు, 20 ఎంవోఏ 145. మామూలు స్కేలుతో కొలవవచ్చు.

ముందు స్కోప్ టరెట్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టాలి. పావు ఎంవోఏ క్లిక్కులు 240 వస్తే, 120 దగ్గర ఆపాలి. పక్క టరెట్‌కూ అలాగే చేయాలి. లేకపోతే నిలువు కదలిక పూర్తిగా అందదు, నడిమి బిందువు తప్పుగా తేలుతుంది. తర్వాత గొట్టంలో లేజర్ బోర్‌సైటర్ పెట్టి గోడ మీద చుక్క పడేచోట గుర్తు పెట్టాలి. ఈ లేజర్లు గొట్టం మధ్యగీతకు ఒక పిసరు వాలి ఉండటం మామూలు. దాన్ని చుట్టూ తిప్పితే చుక్క గోడ మీద చిన్న వృత్తం గీస్తుంది, ఆ వృత్తం మధ్యే అసలు బిందువు. రసమట్టాన్ని తిప్పి పెట్టడం వెనకున్న తర్కమే ఇదీనూ. ఇప్పుడు తుపాకీ కదపకుండా, కన్ను స్కోప్ మధ్యలో ఉంచి, ప్లస్ గుర్తు గోడ మీద ఎక్కడ పడుతోందో చూసి ఇంకో గుర్తు పెట్టించాలి.

స్కోప్ మధ్యగీత గొట్టం మధ్యగీతకు 50 మిల్లీమీటర్లు ఎత్తున ఉందనుకుందాం. వాలే లేకపోతే ప్లస్ గుర్తు లేజర్ బిందువుకు సరిగ్గా 50 మిల్లీమీటర్లు పైన పడాలి. 20 ఎంవోఏ వాలుంటే 145 దిగి, లేజర్ బిందువుకు 95 మిల్లీమీటర్లు కింద పడాలి. కొలిస్తే 80 కింద ఉందనుకోండి. 50, 80 కలిపితే 130. దాన్ని 7.27తో భాగిస్తే 17.9. చెక్కిన అంకె 20, తుపాకీ మీద వాస్తవంగా దొరికింది 18. గురి లెక్క ఈ 18తోనే నడుస్తుంది.

పని అయ్యాక లేజర్‌ను గొట్టంలోంచి తీయడం మరిచిపోతే, తర్వాతి తూటా గొట్టాన్నే పేల్చేస్తుంది. లేజర్ తిరిగి డబ్బాలో పడ్డాకే బోల్ట్ ముట్టుకోవాలి.

ఆ రెండు నిమిషాలు ఎక్కడ పోయాయి

తేడాకు కారణం ఒకచోటే ఉండదు. రిసీవర్ పైభాగాన్ని పాలిష్ చేసేటప్పుడు వెనక వైపు కాస్త ఎక్కువ అరిగి ఉండవచ్చు. గొట్టం రిసీవర్‌లోకి ఇంచుక వాలుగా బిగిసి ఉండవచ్చు. రింగుల్లో ఒకటి ఇంకోదానికన్నా 0.02 మిల్లీమీటరు పొట్టిగా ఉండవచ్చు. స్కోప్ కదలిక మధ్య బిందువు, దాని కటకాల మధ్యగీత సరిగ్గా ఒకటే కాకపోవచ్చు. ఒక్కొక్కటీ అర నిమిషం చొప్పున ఒకే వైపుకు కలిస్తే రెండు నిమిషాలు అయిపోతాయి.

వీటిలో పట్టించుకోవలసిన లోపం ఒకటుంది: రైల్ వంగడం. రిసీవర్ ముందు వెనక భాగాల ఎత్తులు రైల్ అడుగుకు సరిపోకపోతే, స్క్రూలు బిగించేకొద్దీ రైల్ విల్లులా వంగుతుంది. అప్పుడు రెండు చివర్ల కొలత మామూలుగానే కనబడవచ్చు. ముందు సగంలో వాలు వేరు, వెనక సగంలో వేరు. అందుకే కొలత ఎప్పుడూ మూడు చోట్ల తీయాలి. ముందు సగం 12, వెనక సగం 27 వస్తే సగటు 20కి దగ్గరగా ఉందని సంతోషించడానికి లేదు. అలాంటి రైల్ మీద రింగులు ఒక గీతలో ఉండవు, వాటి మధ్య స్కోప్ గొట్టం నలుగుతుంది. అనుమానం ఉంటే ముందు చివర స్క్రూలు మాత్రమే బిగించి వెనక చివర కింద ఫీలర్ ఆకు దూరుతుందేమో చూడాలి. దూరితే బలవంతంగా బిగించకుండా, ఆ ఖాళీలో ఇపాక్సీ నింపి రైల్‌ను దాని సహజ రూపంలో కూర్చోబెట్టడం గన్‌స్మిత్‌లు చేసే పని.

వాలు ఎక్కువైతే

20 మంచిదైతే 40 ఇంకా మంచిదనుకోవడం సహజం. 60 నిమిషాల స్కోప్‌నే 40 రైల్ మీద పెట్టి చూద్దాం. 100 గజాల దగ్గర జీరో చేయాలంటే చూపును 35 నిమిషాలు వెనక్కి తేవాలి. ఆ దిక్కున ఉన్నది 30 మాత్రమే. 100 గజాల దగ్గర జీరోయే కుదరదు, తూటాలన్నీ 5 అంగుళాలు పైన పడతాయి. దూరం కోసం కొన్న రైల్ దగ్గరి గురిని తీసుకెళ్లిపోతుంది. మొత్తం కదలిక 100 నిమిషాలున్న స్కోప్ అయితే అదే రైల్ హాయిగా సరిపోతుంది. రైల్ ఎంపిక స్కోప్ కదలికలో సగం ఎంతో చూసుకున్నాకే జరగాలి.

జీరో కుదిరినా, కదలిక చివరి అంచు దగ్గర కుదరడం మంచిది కాదు. లోపలి చిన్న గొట్టం గుండ్రటి చోటులో తిరుగుతుంది. నిలువుగా 30లో 25 జరిగిపోతే పక్కలకు మిగిలేది 16, 17 మాత్రమే. గాలికి సర్దుబాటు చేసుకోవలసిన రోజున ఈ లోటు తెలుస్తుంది.

భారత్‌లో రైఫిల్ ఉంచుకోవడం ఆయుధాల చట్టం, 1959, ఆయుధ నియమాలు, 2016 పరిధిలోని విషయం కాబట్టి, ఇక్కడ ఈ సమస్య ఎక్కువమందికి ఎదురయ్యేది ఎయిర్ రైఫిళ్ల మీదే. పోటీల్లో దీని ప్రస్తావన ఉండదు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోప్ అనుమతి లేదు, చిల్లు సైట్లతోనే కొట్టాలి. ఇంటి పెరట్లో వాడే గొట్టం మడిచే ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. మడత దగ్గర గొట్టం కొంచెం కిందికి వాలి ఆగడం వాటిలో తరచూ కనబడే లోపం. 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ (తుపాకీ మీదే చెక్కిన స్కోప్ గాడి) మీద స్కోప్ పెడితే టరెట్ పూర్తిగా పైకి తిప్పినా గుళ్లు కిందే పడతాయి. ఇక్కడ వాలు మౌంట్ దూరం కోసం కాదు, గొట్టం వంగుడును సరిచేయడానికి. కొనే ముందు గోడ పద్ధతిలో కొలిస్తే ఎంత వాలు కావాలో తెలిసిపోతుంది. ఈ మౌంట్లు కొన్ని ఎటు తిప్పినా కూర్చుంటాయి కాబట్టి ఎత్తైన చివర వెనక్కి ఉందో లేదో చూసుకోవాలి. తిరగేస్తే ఉన్న లోపం రెట్టింపవుతుంది.

కాల్చడానికి వీలున్న రేంజ్ దొరికితే ఆఖరి కొలత టరెట్ దగ్గరే ఉంది. 100 గజాల దగ్గర జీరో చేశాక, పైకి ఎన్ని క్లిక్కులు మిగిలాయో ఆగేదాకా లెక్కపెట్టి, మళ్లీ జీరోకు తేవాలి. పావు క్లిక్కులు 172 వస్తే 43 ఎంవోఏ. స్కోప్ సగం 30 కాబట్టి జీరో నడిమికి 13 కింద ఉన్నట్టు. దానికి తూటా దిగుడు, స్కోప్ ఎత్తు కలిసిన నాలుగున్నర చేరిస్తే పదిహేడున్నర. గోడ 18 దగ్గర చెప్పిన రైఫిల్‌కు టరెట్ పదిహేడున్నర చెబితే, రెండు కొలతలూ ఒకదాన్నొకటి బలపరిచినట్టే. ఇక దూరానికి లెక్క వేసేటప్పుడు రాసుకోవలసిన అంకె 43. రైల్ మీది 20తో అక్కడ పని లేదు.